కప్పు కొట్టి చూసేటోళ్ళు

"బాపమ్మా, డాడీ పాలిటెక్నిక్ల మైనింగ్ అస్సలే వద్దంటుండు, కంప్యూటరే పెట్టమంటుండు. పొద్దూకేటాల్లకు ఫోన్ల ఆప్షన్లు పెట్టెయ్యాలె. నువ్వన్న చెప్పరాదు?"

ఏం చెప్పాలె బిడ్డా నేను? నాకు ఫోన్ల ఒత్తుడే రాదాయె. కూసో. గా ఫోను పక్కకు పెట్టు. మీ నాయిన మొదటి షిఫ్టు దిగి వస్తనే ఉంటడు. వచ్చినంక ఇంట్ల లొల్లే.

మీ నాయినకు గీ పంచాయితి కొత్త గాదు. ఇంటర్ అయినప్పుడు... కాదు కాదు, పాలిటెక్నిక్ అంటే పదోది అయినంకనే గదా? ఆఁ, పదే. మీ తాత బొగ్గుబాయిల చేస్తుండె. పెద్దపల్లిల మా అన్న ఉండె, బట్టల దుకాణంల గుమాస్తా, ఇప్పుడు లేడు పాపం. పిల్లగాన్ని ఆయన ఇంట్ల ఉంచి ఇంటర్ చదివియ్యాలె, బడిపంతులు కావాలె, గిదీ నా ఆశ. వాడు సుత సరేనన్నడు.

గప్పుడే ఒకరోజు షిఫ్టు టైము గాని టైముల సైరన్ కూసింది. నీకెరికే గదా, గట్ల కూసిందంటే ఆడోళ్ళు పొయ్యి మీదిది పొయ్యి మీదనే ఇడిచి ఉరుకుతరు. నేనూ ఉరికిన, చెప్పుల్లేకుంట. మీ నాయిన నా ఎంబడే. గేటు కాడ ఎవలూ ఏం చెప్తలేరు. ఒక్కొక్కలు పైకి వస్తుండ్రు, మొకాలన్నీ నల్లగ, ఎవలెవలో గుర్తువడ్తలేరు. అందరికన్న ఆఖర్ల వచ్చిండు మీ తాత.

ఏమైందంటే, సర్దార్, అంటే బాయిల పనోళ్ళను చూసుకునేటోడు, కట్టెతోని కప్పు కొట్టి చూసిండట, గదే, నెత్తి మీది బొగ్గు. గట్టిగుంటే ఖంగుమంటది, పొర ఇడిచిపెడితే డొల్లగ మోగుతది. సప్పుడు మారంగనే అందర్ని బయటికి తరిమిండట. ఇటు జరిగిండ్రో లేదో, కూలింది.

ఇంటికొచ్చినంక మీ నాయిన "అవ్వా, నేను మైనింగ్ చదువుత" అన్నడు. నాకు ఒళ్ళు మండింది. నా కాళ్ళ బొబ్బలింక మానలే, నువ్వు సుత గా బాయిలనే దిగుతవారా అని మొత్తుకున్న. ఏమన్నడో ఎర్కనా? "కప్పు కొట్టి చూసేటోడు లేకుంటే ఇయ్యాల బాపు ఇంటికొచ్చేటోడా?" అన్నడు. నేనే ఫీజు పైసలు తీసిచ్చిన. చదివిండు, ఓవర్‌మ్యాన్ అయిండు, సర్దార్ల మీద పెద్ద. ఇప్పుడు గా కట్టె వాని చేతులనే ఉంటది.

నిజం చెప్తున్న, నువ్వు దిగుడు నాకిష్టం లేదు. ఆడపిల్లవని గాదు, ఇప్పుడు ఆడోళ్ళు సుత దిగుతుండ్రాయె. నాకు భయం, గంతే. ఇంకెన్నేండ్లు గేటు దిక్కు చూడాలె నేను? పక్కింటి పిల్ల లెక్క నువ్వు సుత కంప్యూటరంటే హాయిగ పండుకుందును. కాని చిన్నప్పటిసంది మీ నాయిన డ్యూటీ దిగి వస్తే చాలు, "ఇయ్యాల కప్పెట్లుండె డాడీ" అని అడిగేదానివి. గది నేనెట్ల మర్వాలె?

అగో, బండి సప్పుడు. వచ్చిండు. నువ్వేం మాట్లాడకు, ముందుగాల మంచినీళ్ళియ్యి. అప్పుడు వాడు నన్నడిగిన మాటనే ఇయ్యాల నేను వాన్నడుగుత. వాని తాన జవాబుంటే కంప్యూటర్ పెట్టు. లేకుంటే... సల్లగుండు బిడ్డా. పో, తలుపు తియ్యి.