పదకొండు ఉయ్యాలలు, ఒక మోకు

అట్లా కలం మూత తియ్యకండి అమ్మగారూ! మూడేళ్ళు నిండనివాళ్ళు పిల్లలు కారా? ఏ కాయితంలో రాశారండీ ఆ ముక్క? మరి మూడేళ్ళు నిండేదాకా వాళ్ళనేమంటారు, మిరపనారు అంటారా?

ఉండండి, ఒక్క నిమిషం. ముందు ఈ మోకు కాలి బొటనవేలికి కట్టుకోనీయండి. లోపల ఆ గొంతులు ఆగితేగాని నా మాట మీకూ, మీ మాట నాకూ వినపడదు. అమ్మా ఆరోగ్యమ్మా, బాలవాడి టీచరువి నువ్వే అట్లా కొంగు నోట్లో కుక్కుకుని నిలబడితే ఎట్లాగే? పోయి ఆ చివరి ఉయ్యాల చూడు. ఏడ్చేది వాళ్ళా, నువ్వా?

ఆఁ. లాగుతున్నా. వినండి... ఒక గొంతు తగ్గింది. ఇంకోటి... అదుగో, ఇంకోటి! కాలివేలితో పాతికమందిని నిద్రపుచ్చే మొనగాడు మీ నందిగామ సమితి మొత్తంలో ఇంకొకడుంటే తీసుకురండి, మీసం తీయించుకుంటా.

ఏంటీ? లెక్కపెట్టారా? సరే, పదకొండు. ఏడిస్తే పాతికలాగే ఉంటారు లెండి.

దీని కిటుకు చెప్పమంటారా? ముప్ఫయ్యేళ్ళు మోట తోలానండీ నేను. పెనుగంచిప్రోలు నుంచి కంచికచర్లదాకా ఏ రైతునడిగినా చెబుతాడు, ఏలీయా మోకు పట్టుకున్నాడంటే బావిలో నీళ్ళు భయపడి వాటంతటవే పైకొచ్చేవని. మొన్నీమధ్య ఆయిలింజన్లొచ్చి నా ఎడ్లనీ నన్నూ ఒకేరోజు ఇంటికి పంపాయి. ఎడ్లని జగ్గయ్యపేట సంతలో ఎవరో కొనుక్కున్నారు. నన్నెవరూ కొనలా. అప్పుడు చూశా ఖాళీగా ఉన్న ఈ వెనక గది. దూలానికి వరసగా పదకొండు చీరల ఉయ్యాలలు కట్టా, పదకొండిటినీ కలుపుతూ మోట మోకు, గోడకి కన్నం, కన్నంలో పాత గిలక, ఆ కొస ఇక్కడ అరుగు మీద నా వేలికి. ఒక్కసారి వేలు కదిపితే పదకొండూ ఒకే ఊపు! ఏ ఇంజనీరు గీశాడండీ ఇట్లాంటిది?

బలమంటారా? అరవై దాటినా అదే బలం. మున్నేరు ఒడ్లు తెంచుకున్న ఏడు, గేదెని భుజానేసుకుని ఈదొచ్చా! ...నవ్వకండి. సరే, దూడ. ...సరే లెండి, మేకపిల్ల. మేకపిల్లదైతే మాత్రం ప్రాణం కాదా?

తమరు తనిఖీకని జీపు దిగినప్పుడు నేను లేవలేదు. గమనించే ఉంటారు. పొగరనుకున్నారేమో! లోపల పదకొండుమంది నా వేలు మీద నిద్రపోతుంటే ఎట్లా లేస్తానండీ? వెనక గది తలుపేశాం. ముందు గదిలో మీ రూలు ప్రకారం మూడేళ్ళు దాటిన పద్దెనిమిదిమందీ చేతులు కట్టుకుని కూర్చున్నారు, పాలపొడి డబ్బాలు తుడిచిపెట్టింది ఆరోగ్యమ్మ. "తాతా, కాలెందుకు అట్లా ఆడిస్తున్నావు?" అన్నారు మీరు. వాతమండీ అన్నా. నమ్మారు. పాపం, ఏదో కషాయం కూడా చెప్పారు. గండం గడిచింది. ఇంక తమరు సంతకం పెట్టి జీపెక్కడమే!

అంతా చెడగొట్టింది తమరేనండీ.

అవును, మీరే! పోతూ పోతూ వెనక్కి తిరిగి, రెండు చేతులూ ఎత్తి, "వెళ్ళొస్తా పెద్దాయనా, నమస్కారం" అన్నారు. ఎవరితో? నాతో! తాసిల్దార్లని చూశా, రెవిన్యూ ఇనస్పెక్టర్లని చూశా, పొలాల గట్ల మీద పంచె మోకాళ్ళ పైకి లాక్కుని నిలబడి మరీ చూశా. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నాకు ముందు చెయ్యెత్తలేదు. నాకు తెలీకుండానే లేచి నిలబడ్డా. వేలికి మోకున్న సంగతి గుర్తుంటుందా ఆ క్షణాన? ఉయ్యాలలన్నీ ఒక్కసారి ఎగిరిపడి ఆగిపోయాయి. ఇంకేముంది, పదకొండు నోళ్ళూ లేచాయి. మీరు తలుపు తీశారు.

తప్పు నాది కాదండీ. మర్యాదది.

సరే, ఎందుకు దాచామంటారా? మీరు ఉద్యోగానికొచ్చింది ఏ కాలంలోనో గాని, మా పేటకొచ్చింది మాత్రం మిరపకోతల్లో. తెల్లారకముందే ఆడాళ్ళందరూ చేలోకి పోతారు. చంటిదాన్ని కూడా తీసుకుపొమ్మంటారా? మొదట్లో అట్లాగే పోయారు. తుమ్మకొమ్మకి ఉయ్యాల కట్టి, కాయలు కోసిన చేత్తోనే పరుగెత్తుకొచ్చి బిడ్డ కళ్ళు తుడిచేవాళ్ళు. ఆలోచించండి, మిరపకాయ కోసిన చెయ్యి! ఆ బిడ్డ ఏడుపు వేదాద్రి నరసింహస్వామికి కూడా వినపడి ఉంటుంది, చర్చిలో మా ప్రభువుకి సరేసరి.

ఆ బాధ పడలేక ఏం చేశారు? పోయినేడు దాకా చంటిదాన్ని ఇంట్లో పెద్దదాని చంకనేసి పోయారు. పెద్దదంటే ఎంతనుకున్నారు? ఎనిమిదేళ్ళు. మహా అయితే తొమ్మిది. ఇంక అదేం బడికి పోతుంది?

వరప్రసాదరావు మేష్టారినడగండి, ఆ కనిపించే పెంకుటింటి బడి ఆయనదే. హాజరు పట్టీ తెప్పించుకు చూడండి. సంక్రాంతి వెళ్ళినకాణ్ణించి తొమ్మిదిమంది ఆడపిల్లలు రోజూ బడిలో ఉన్నారు. మేష్టారు నన్నాపి అడిగారు, "ఏలీయా, ఏం మంత్రం వేశావయ్యా?" అని. మోకు మంత్రమండీ, అన్నా. నా మనవరాలు జయమణి ఎక్కాలు పన్నెండోదాకా ఒప్పజెబుతుంది తెలుసా? వందోదాకా చెబుతుంది! ...సరే, పన్నెండోదాకానే.

ఇప్పుడు మీరు ఆ కాయితం మీద "నిబంధనలకు విరుద్ధము" అని రాస్తారు. బాలవాడికి తాళం పడుతుంది. తాళం పడితే రేపు పొద్దున పదకొండుమంది చంటిపిల్లలు తొమ్మిది చంకలెక్కుతారు. అంతే కథ. దానికింత సిరా ఎందుకండీ దండగ?

నన్నడిగితే, నన్నెవరూ అడగరనుకోండి, అయినా అడిగితే, మీ రూల్లో ఒక్క ముక్క మార్చమంటా. మూడేళ్ళు అన్నచోట మూడు నెలలు అని రాయండి. ఇద్దరు ఆయాల్ని వెయ్యండి. ఏడాదంతా వద్దు, కోతల కాలానికైనా చాలు. కలెక్టరుగారు అడిగితే ఏలీయా సలహా అని చెప్పండి. ఆయన నాకు బాగా తెలుసు... అంటే, ఆయన కారు బురదలో కూరుకుపోతే నెట్టినవాళ్ళలో నేనూ ఉన్నా.

అబ్బ. పిక్క పట్టేసిందండీ. ఈ మోకు కాస్త పట్టుకుంటారా? వేలికి వద్దు, చేతికి చుట్టుకోండి చాలు. మెల్లగా. లాగి వదలండి... ఆఁ, అట్లా. ఊపు తప్పకూడదు.

మీకోమాట చెబుతా. మూడో ఉయ్యాలలో ఉన్నవాడు నా కూతురు రత్నమణి కడగొట్టు కొడుకు. జయమణి తమ్ముడు. రత్నమణి ఇప్పుడు చేలో ఉంది. సాయంత్రందాకా ఉంటే మీరే చూద్దురు, నడుస్తుంటే ఎడమపక్కకి ఒరుగుతుంది. అడిగినవాళ్ళకి పుట్టుకతో వచ్చిందని చెబుతుంటా.

అబద్ధమండీ.

దాని తర్వాత నాకు ఐదుగురు. ఐదుగురూ దాని ఎడమ చంకలోనే పెరిగారు. రెండో తరగతి చదువుతుండగా నేనే మానిపించా. అప్పటి మేష్టారు ఇంటికొచ్చి బతిమాలాడు. "దీనికి చదువెందుకండీ, కలెక్టరుగిరీ చేస్తుందా?" అని నలుగురిలో ఎగతాళి చేసి పంపించా. అందరూ నవ్వారు. నేనూ నవ్వా. దాని పలకని నా భార్య దేవమణి మజ్జిగ ముంత మీద మూతగా పెట్టుకుంది. ఆ పిల్ల మజ్జిగ వంచుకున్నప్పుడల్లా పలక తీసి, తడి తుడిచి, మళ్ళీ పెట్టేది.

ఆరుగురు పిల్లల్ని పెంచానని ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటా చెప్పుకున్నా. మీసం మెలేసి మరీ చెప్పుకున్నా. ఈ గొప్పని మాత్రం గేదె నుంచి మేకపిల్లకి తగ్గించలేదు ఎన్నడూ. ఇవాళ తగ్గిస్తున్నా. పెంచింది నేను కాదండీ. తొమ్మిదేళ్ళ పిల్ల.

సరే. ఇంక మీ ఇష్టం, రాసుకోండి. ఆరోగ్యమ్మ పేరు రాయకండి, దానికేం తెలీదు. మేడిద ఏలీయా అనే ముసలాడు చేశాడని రాయండి.

అయ్యో, మోకు వదలకండి! వదిలారంటే లేస్తారు. ఎడమ చేత్తో అది లాగుతూ కుడిచేత్తో రాయండి.

కుదరట్లేదా? నా కూతురు ఐదుగురితో కుదుర్చుకుందండీ.