తట్టు కంటే ముందు బస్సెక్కిన అక్క

ఆ ఫొటోలో ఆవిడా? మా అక్కేనమ్మా. కూర్చో, చెప్తా. ఆ కుర్చీ వద్దు, కాలు ఊగుతుంది, ఇటు రా. కాలేజీలో జాగ్రఫీ చెప్పేది. నేనేమో బస్సు కండక్టర్ని. డ్యూటీ దిగి చొక్కా విప్పకముందే పట్టుకునేది, "ఒరేయ్, ఇవాళ చంటిపిల్లల్తో ఎవరెక్కారు, ఎక్కడ దిగారు?" అని. నాకు ఒళ్లు మండేది. ఆ ఏడు మా టౌన్లో తట్టు వచ్చింది మరి. పిల్లలు... సరే, అదొద్దులే. ఆరోగ్యశాఖ వాళ్లేమో, కాగితం మీద నూనె బొట్టు పాకినట్టు జబ్బు పక్క ఊరికి, ఆ పక్క ఊరికి పోతుందనుకున్నారు. అక్క కాదంది. "అది నడవదురా, మనిషితో ఎక్కుతుంది, మనిషితో దిగుతుంది." వంటింటి నేలంతా మ్యాపు పరిచింది. మా ఆవిడ గిన్నెలు పట్టుకుని గోడ వారగా నడిచేది పాపం. చివరికి నలభై మైళ్ల అవతల ఇటుక బట్టీల ఊరి మీద వేలు పెట్టి, "తర్వాత ఇక్కడే" అంది. మధ్యలో పది ఊళ్లలో జబ్బే లేదు! కానీ మా టౌన్లో పనిచేసి సెలవుకి ఇళ్లకెళ్లే ఆ ఊరివాళ్లే కదా నా బస్సు నిండా.

ఆరోగ్యశాఖ పెద్ద డాక్టరు నవ్వాడు. ముక్కుతో మాట్లాడేవాడులే, "మేడం, జబ్బుకి టైం టేబులుంటుందా?" అని. "ఉంది సార్, మా తమ్ముడి జేబులో" అంది! నేనా పక్కనే యూనిఫాంలో నిలబడున్నాను, ఎక్కడ దాక్కోవాలో తెలీలేదు. ఏమనుకున్నాడో, టీకాలవాళ్లని పంపాడు. తీరా వెళ్తే ఊరంతా తలుపులేసుకుంది. టీకా వేస్తే పిల్లల కాళ్లు పడిపోతాయని పుకారు. జబ్బుకంటే ముందే దిగింది. అక్క డీలా పడుతుందనుకున్నా, ఊహూఁ. "ఇదీ మీ బస్సులోనే వచ్చిందిరా. మంచి మాటకి మాత్రం టికెట్ ఇవ్వవా?" అంది. ఆ ఊరిదే, మా టౌన్లో ఇటుకలు మోసే ఒకామె ఉంది. కూతురికి అప్పటికే టీకా వేయించింది. అక్క తల్లీకూతుళ్లిద్దర్నీ నా బస్సెక్కించి, తనూ ఎక్కింది. దిగిందో లేదో ఆ పిల్ల కోడి వెంటపడి వీధి వీధీ పరుగు! ఆ కాళ్లు చూసి ఒక్కో తలుపూ తెరుచుకుంది. నెల తర్వాత తట్టు సరిగ్గా ఆ ఊరికే వచ్చింది. ఇద్దరికి సోకి, అక్కడితో ఆగింది. ఇద్దరూ బతికారు.

ఆ వారమే డాక్టరు మా ఇంటికొచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా లాక్కుని, మా వంటింట్లో మ్యాపు ముందు నేల మీద చతికిలబడ్డాడు. "మేడం, ఇప్పుడెక్కడికి పంపమంటారు?" అన్నాడు. నవ్వు లేదు, ముక్కూ లేదు. అక్క నా వైపు చూసి, "వాణ్ణి అడగండి సార్, వాడికే తెలుసు" అంది. ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణమ్మా నేను. నన్ను అడిగాడు. పెన్సిలు నా చేతికిచ్చి...

టీ చల్లారిపోతోంది, తాగు.