పెనం సీను

దుబాయ్‌లో డేరా అనే పేటలో ఇళ్ళల్లో పనికొచ్చిన గోదారి ఆడాళ్ళిద్దరు ఎదురెదురు వంటింటి కిటికీల్లోంచి మాట్లాడుకుంటున్నారు. చిన్నదాని మొహం చూడగానే మాణిక్యాంబ చేతిలో గరిట ఆగిపోయింది.

“ఆ మూతి వాపేంటే?”

“సినిమా చూశానక్కా.”

“సినిమా చూస్తే మూతి వాస్తుందా?”

“మేడమ్ సీడీ పెట్టింది. లండనోళ్ళ ప్రేమ సినిమా, దేశానికొకణ్ణి పోగేసి తీశారు. అందులో తెల్లపిల్ల మొగుడి నెత్తిన పెనంతో ఒక్కటిచ్చుకుంది. మేడమ్ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను.”

“అందుక్కొట్టిందా?”

“నిన్న సారు కొట్టిన కన్ను ఆవిడకింకా తెరుచుకోలేదు. తనని చూసే నవ్వాననుకుంది. రిమోట్‌తో మూతి పగలగొట్టింది.”

“దాని చెయ్యి పడిపోను! ఏజెంటుకి చెప్పనా?”

“ఆగక్కా. తర్వాత ఆవిడే ఐసుముక్కలు తెచ్చి అద్దింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ సీనే మళ్ళీ మళ్ళీ వేసింది. ఈసారి నవ్వలేదు.”

“మరి?”

“మనింట్లో బరువైన పెనం ఏదని అడిగింది.”

“నువ్వేం చెప్పావే?”

“ఏం చెప్పలేదు. శుభ్రంగా తోమి, వీధి తలుపు పక్కన పెట్టొచ్చాను. సారొచ్చే వేళైంది, ఉంటానక్కా.”