బావ కాళ్ళతో విన్న రికార్డు

ఏంటీ, ఈ రికార్డు అట్ట మీద కెమెరా వైపు చూడకుండా నేలచూపులు చూస్తున్నాడే, ఈయనెవరంటావా? మీ తాతయ్యేనే తల్లీ! ఎలా గుర్తుపడతావులే, నువ్వు పుట్టేసరికే పోయాడాయె. మీ ఇంట్లో గోడకున్న ఫోటోలో బుద్ధిగా చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉంటాడు, ఇక్కడేమో జుట్టు భుజాల దాకా. పక్కన ఎముకల గూడులా ఉన్నవాణ్ణి నేను. నవ్వకు. మీ అమ్మమ్మ నాకు అక్క కాబట్టి ఈయన నాకు బావ. బయటివాళ్ళకి మాత్రం సుత్తి. రేకుల షెడ్డులో గొట్టాలు కొట్టే పని కదా, అలా పడిపోయింది పేరు. కొత్తవాళ్ళు ఆ పేరు విని, అమ్మో, ఈయన పట్టుకుంటే వదలడు కాబోలని పక్కకి తప్పుకునేవాళ్ళు. ఆయన నోట మాట రావాలంటే మనం కాళ్ళావేళ్ళా పడాలి! "ఊఁ" అంటే ఔను, "ఉఁహూఁ" అంటే కాదు, అంతే. మాట్లాడాల్సిందంతా డ్రమ్ముల మీద మాట్లాడేవాడు.

మేం వాయించే ఆ హోరు సంగీతం, హెవీ మెటల్ అంటే మా అమ్మ ఏమనేదో తెలుసా? "ఏవిట్రా, గిన్నెల బీరువా మెట్ల మీంచి దొర్లిస్తున్నారా?" అనేది. మేం నలుగురం. నేను బేస్ గిటార్, పొడుగోడు గిటార్, పాడేది బేకరీలో పిండి కలిపేవాడు, వాణ్ణి బేకరీ అనే పిలిచేవాళ్ళం. వాడు గొంతెత్తితే వీధి చివర కిటికీలు టపటపా మూసుకునేవి. అప్పటికే రెండు ఆల్బమ్‌లు చేశాం. వాటిని మా చుట్టాలు కాక ఇంకెవరన్నా కొన్నారో లేదో ఆ దేవుడికే తెలియాలి. అందరికన్నా వేగంగా వాయించాలని ఒకటే పిచ్చి మాకు, ఎవరో తరుముతున్నట్టు. మూడోది మొదలెట్టేముందు రికార్డు కంపెనీ ఆయన పిలిచి మెత్తగా చెప్పాడు, "ఇది కూడా ఆడకపోతే ఇక నేనేం చెయ్యలేను బాబూ" అని. ఆయన తప్పు కాదులే, పాపం. ఇంతకీ ఎక్కడున్నాను? ఆఁ, స్టూడియో. స్టూడియో అంటే పాత గిడ్డంగి, గోడలకి పరుపులు కొట్టి ఉంచారు. అక్కడ కూర్చుంటే, మా బావ తాళం తప్పుతున్నాడమ్మా. మేం ఓ చోట ఉంటే ఆయన ఇంకో చోట. ఎన్నిసార్లు చేసినా అంతే. కంపెనీ ఆయన ఆగలేక, "డ్రమ్ములకి ఇంకెవర్నైనా పెట్టండయ్యా" అన్నాడు. బేకరీగాడు కూడా నసుగుతూ, "పోనీ, ఈ ఒక్కసారికి..." అన్నాడు. ఇదంతా ఎక్కడ? బావ వెనకాలే, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో! ఆయనేమో హాయిగా డ్రమ్ము మర బిగించుకుంటున్నాడు. కాసేపటికి ఇటు తిరిగి, మా మొహాలు చూసి, "ఏంటి, మళ్ళీ మొదట్నుంచా?" అన్నాడు. ఒక్క ముక్క వినపడలేదు ఆయనకి.

నేరుగా అక్క దగ్గరికెళ్ళాను. అప్పటికి మీ అమ్మ దాని కడుపులో ఉంది. సంగతి చెబితే అక్క కుర్చీలో కూలబడింది. "వెనకనుంచి పిలిస్తే పలకడంలేదురా. నామీద మనసు విరిగిందేమో అనుకున్నా" అంది. ఇంతలో బావ వచ్చాడు. అక్క రెండు చేతులతో ఆయన మొహం పట్టుకుని తన వైపు తిప్పుకుని, "వినపడటం లేదా?" అని అడిగింది. బావ అక్క పెదాలకేసే చూశాడు. తర్వాత అన్నాడు, "రేకుల చప్పుడు ఎప్పుడూ చెవుల్లోనే ఉంటోంది. దాని వెనకాల ఎక్కడో మీరుంటున్నారు." డాక్టర్‌కి చూపించుకున్నాట్ట, వినికిడి ఇక తిరిగి రాదన్నాట్ట. "మరి నాకెందుకు చెప్పలేదు?" "చెబితే వాయించడం మానెయ్యమంటావని." అక్క ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది, "నామీద కోపం కాదన్నమాట!" అని ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది. తర్వాత ఏదో తట్టినట్టు, "అయితే కింద వాటాలో ప్రింటింగ్ ప్రెస్సు ఆగిపోయిందని పొద్దున నువ్వెలా చెప్పావు?" అంది. ఆయన అదేం ప్రశ్న అన్నట్టు చూసి, "కాళ్ళకి తెలుస్తుంది కదే" అన్నాడు. నేను అక్క మొహం చూశాను, అక్క నా మొహం చూసింది.

మర్నాడు అక్క కూడా వచ్చింది, ఆ నిండు కడుపుతో. దాచడానికేం లేదని అందరికీ చెప్పేశాం. బేకరీగాడు తల దించుకున్నాడు, తర్వాత లేచి, "సుత్తి లేకపోతే నేను నోరు విప్పను" అని కంపెనీ ఆయనతో తెగేసి చెప్పాడు. రికార్డింగ్ చేసే కళ్ళజోడాయన మారు మాట్లాడకుండా చెక్కలు తెచ్చి పరిచాడు. నా బేస్ స్పీకర్‌ని వాటిమీద పడుకోబెట్టాం, దానికి ఆనించి బావ స్టూలు. అదురు కాళ్ళకి తెలియాలని చెప్పులు విప్పేసి కూర్చున్నాడు. మొదలెట్టాం... అబ్బే, కుదరలేదు! మా వేగానికి ఆ అదురంతా కలగాపులగమైపోతోంది. నాకైతే ఆశ చచ్చిపోయింది. అప్పుడు బావ చెయ్యెత్తి, "మెల్లగా" అన్నాడు. తగ్గించాం. "ఇంకా" అన్నాడు. పొడుగోడికి ఒళ్ళు మండింది, "ఇంకా తగ్గిస్తే నిద్రపోతాం" అని. అయినా తగ్గించాం. అప్పుడు పడిందమ్మా దెబ్బ! కొండ లేచి నడిచొస్తున్నట్టు. ఒక్కో దెబ్బకీ మధ్యలో ఊపిరాడే చోటు దొరికింది, ఆ చోట్లో బేకరీగాడి గొంతు... అన్నాళ్ళూ వాడు అరుస్తున్నాడనుకున్నాం, పాడగలడని ఆవాళే తెలిసింది. అక్క పొట్టమీద చెయ్యేసుకుని, "లోపల కూడా తంతోందిరా!" అని కేకేసింది. కంపెనీ ఆయన టీ చల్లారిపోయింది.

అదే ఈ రికార్డు. రేడియోలో ఒకాయన వేశాడు, విన్నవాళ్ళు మళ్ళీ వెయ్యమన్నారు, ఇక చూస్కో! మేమెప్పుడూ చూడని ఊళ్ళవాళ్ళు మా పాటలు పాడేస్తున్నారు. ఓ పెద్ద హాల్లో వాయించాం, జనం గెంతుతున్నారు. పాట అయిపోయినా బావ లేవడే! వంగి రెండు అరచేతులూ నేలకి ఆనించి కూర్చున్నాడు. ఏమైందోనని పరిగెత్తుకెళ్ళాను. తలెత్తి, "వినపడుతున్నార్రా" అన్నాడు.

తర్వాత ఇంకా చాలా చేశాం, బాగా బతికాం. బావ చివరి దాకా వాయించాడు. కానీ నాకు ఆ హాళ్ళూ అవీ అంత గుర్తు రావు. మీ అమ్మ పుట్టిన కొత్తల్లో ఏడిస్తే ఆయనకి వినపడేది కాదుగా, అందుకని ఇంట్లో ఉన్నంతసేపూ పిల్లని ఛాతీ మీదే వేసుకుని ఉండేవాడు. అది గుక్కపెడితే ఛాతీకి తెలిసేది. లోపల్నించి ఏదో తీసేవాడు, సన్నగా, రాగం కాదు, ఉత్త అదురు. ఠక్కున ఊరుకునేది. అక్క గుమ్మంలో నిలబడి అలా చూస్తూ...

కిటికీ వెయ్యమ్మా, జల్లు నా మొహం మీద పడుతోంది.