ఎడమకు తిప్పిన ముడి

నా పేరు రామేశ్వరమ్మ. వయస్సు నలభై రెండు. భర్త లేడు. మాధవరంలో మగ్గం నేసి బ్రతుకుతున్నాను. 1936 ఫిబ్రవరి, శుక్రవారం పగలు, ఠాణాలో సబినస్పెక్టరు గారి ఎదుట చెప్పుచున్నాను.

మొన్న బుధవారం తెల్లవారి నా మరిది పుల్లన్న బండి కట్టుకొని వాకిట నిలిచి, "వదినా, సిద్ధవటం కోట సూసొద్దాం రా. ఎప్పుడు సూసినా మగ్గమేనా?" అన్నాడు. నా భర్త పోయినప్పటినుంచి అన్నం తిన్నావా అని కూడా అడగనివాడు. అప్పుడే నాకు అనుమానం తగిలింది. అయినా కోట చూడాలని ఆశ. మగ్గం మీద జరీ అంచు పెండ్లిచీర ముగిసి ఉన్నది. మగ్గంనుంచి కోయడానికి మరునాడు గురువారం మంచిదని, చీర కోయకుండానే ఇంటికి తాళం వేసి బండెక్కినాను. పుల్లన్న భార్య గురమ్మ తలనొప్పి అని రాలేదు.

మధ్యాహ్నానికే తిరిగి పోదామన్నాను. "ఇంకో బురుజు ఉండాది వదినా, శానా బాగుంటాది" అంటాడు. అది చూస్తే మరో బురుజు. వాడు మాత్రం బురుజు చూడడు, పొద్దు చూస్తాడు. నాకు ఒళ్లు మండింది.

దీపాల వేళకు ఇల్లు చేరితే దొడ్డి తలుపు ఊడి ఉన్నది. చీర లేదు. పగలంతా మా ఇంటి వెనుక దూది ఏకుతూ ఉన్నవాడు దూదేకుల హుస్సేనప్ప ఒక్కడేనని నిన్న ఉదయం పోలీసులు అతనిని పట్టుకొని పోయినారు. "అక్కా, నేను కాదక్కా! నువ్వైనా సెప్పు" అని అరిచినాడు.

తరువాత మగ్గం దగ్గర కూర్చుని చూచినాను. చీర కోసిన చేయి, మిగిలిన పడుగు పోగుల కొసలను పిడికెడు పిడికెడుగా ముడివేసి పోయింది. వేయకపోతే పోగులు దువ్వెన వంటి పన్నెలోనుంచి జారి పడుగంతా పాడవుతుంది. నేత తెలిసిన చేయి ఆ పని చేయకుండా లేవదు. హుస్సేనప్పకు నేత రాదు.

ముళ్లన్నీ ఎడమకు తిప్పినవి. నా కుడి బొటనవేలు చిన్నప్పుడు విరిగి వంగదు కనుక నేను అట్లా వేస్తాను. మా వీధిలో ఇంకెవరూ వేయరు. ఒక్క గురమ్మ వేస్తుంది. దాని వేలు బాగానే వంగుతుంది. చిన్నపిల్లగా కాపురానికి వస్తే పక్కన కూర్చోబెట్టుకొని నేత నేర్పినది నేనే.

ఆ ముళ్లు చూచి కోపం కంటే ముందు ఏడుపు వచ్చింది. నా చీర ఎత్తుకొని పోతూ కూడా నా పడుగు చెడకుండా చూచింది.

హుస్సేనప్పను వదలండి. పై మాటలన్నీ చదివి వినిపించినారు. నేను చెప్పినవే, నిజమే, ఎవరి బలవంతమూ లేదు. నా కుడి బొటనవేలు వంగనందున రైటరు గారు చేయి పట్టుకొని ముద్ర వేయించినారు.

రామేశ్వరమ్మ వేలిముద్ర