చౌడమ్మకు తిప్పమ్మ నేసిన పట్టుచీర

తిప్పమ్మ అని ఒకామె ఉండె. ఓబులేసు పెండ్లాం. ఓబులేసు వాళ్ళది నేలలో గుంత తీసి, కాళ్ళు అందులో పెట్టి నేసే గుంత మగ్గం, చౌడమ్మ జాతరకు అమ్మవారి చీర తాతల కాలం నుంచి ఆ మగ్గం మీదే నేస్తారు. ఆ ఏడు ఏమైందంటే, జాతర దగ్గరికొచ్చినాక ఓబులేసు మిద్దె మీద నుంచి జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడంట. ఇంక చీర ఎవరు నేయాల? కులపెద్ద పుల్లప్ప వచ్చినాడు. వచ్చి, ఈ యేటికి అమ్మ చీర మా ఇంట్లో నేయిస్తాంలే అన్నాడంట. తిప్పమ్మ గడపలో నిలబడి, "మామా, సావుకారికి పోయిన పట్టుచీరల్లో సగం నా చేతివే. నేను నేస్తా" అనింది. ఆడమనిషి అమ్మ చీర నేసింది ఎప్పుడన్నా ఉందా? లేదు. పుల్లప్ప మీసం సవరించుకొని, "సరేమ్మా, నేసుకో. అమ్మ ఒప్పుకుంటే చీర వస్తాది. ఒప్పుకోలేదనుకో, ఈ గుంత పూడ్చేస్తాం. ఇంక మీ ఇంటికి అమ్మ చీర రాదు" అన్నాడంట.

ఇంకోటి చెప్పాల మీకు. ఏటా అమ్మకు నూలు చీరే. ఆ ఏడు వానలు బాగా పడి చెరువు నిండిందని ఊరంతా పట్టుచీర మొక్కుకున్నారు. అంటే కొత్తవి రెండు వచ్చినాయి, చూసుకోండి, ఒకటి పట్టు, ఒకటి ఆడచెయ్యి. ఇంక ఆచారం సంగతి. మామూలు రోజుల్లో మగ్గపోళ్ళు ఏం చేస్తారు? నోట్లో నీళ్ళు పుక్కిటపట్టి పడుగు మీద, అదే నిలువు పోగుల మీద, తుపుక్కున చల్లుతారు, గుంతలో మన్ను తడిపి ఉత్తకాళ్ళతో కూచుంటారు. అమ్మ చీరకు అది పనికిరాదు, ఎంగిలి అవుతాది. అందుకని నీళ్ళు అనేదే మగ్గం దగ్గరికి రాకూడదు, గుంతలో ఎండు చెక్క పరచాల, నేసే మనిషి మడిగా పట్టు కట్టాల. తిప్పమ్మ అన్నీ చేసింది. పుష్యమాసం, పెదాలు పగిలే పొడిగాలి. తలకు పోసుకొని, పట్టుచీర కట్టి, చెక్క మీద కూచొని, పోగుల మధ్యలో అడ్డపోగును లాక్కుపోయే నాడె ఇసిరింది.

ఇసిరితే ఏమైందంటే, పోగులు లేచినాయంట! పడుగులో పక్కపక్కన పడుకోవాల్సిన పోగులు ఒకదాన్నొకటి చూసి సవతుల మాదిరి దూరం జరుగుతాండాయి. తెగిన కొసలు వెంట్రుకలు లేచినట్ల లేస్తాండాయి. ఒకటి అతికితే రెండు తెగుతాండాయి. లేచి దీపం సెమ్మె ముట్టుకోబోతే, ముట్టుకోకముందే వేలికి చురుక్కుమని చిన్న మంట ఎగిరె. చూసిన ఆడోళ్ళు లెంపలేసుకున్నారు. అమ్మకు కోపం వచ్చింది, ఆడచెయ్యి ఒద్దంటాంది అని ఊరంతా గుప్పుమనె. పుల్లప్ప కబురు పంపినాడు, పొద్దున గుంత పూడ్చడానికి మనుషులు వస్తారని. ఓబులేసు చెయ్యి మెడకు కట్టుకొని గోడకు ఆనుకొని, "వదిలెయ్‌మే, మనకు రాసిపెట్టి లేదు" అనె. తిప్పమ్మకు ఏడుపొచ్చింది. ఏడుస్తానే, "రాసింది ఎవరో నేను చూడాల గదా" అనింది. వాకిలి మూసింది.

మూసి ఆలోచన చేసింది. సావుకారి పట్టు నేసినప్పుడు ఇదే చెయ్యి, అప్పుడు రాని కోపం ఇప్పుడెందుకు వస్తాది? తెగిన పోగులు రెండు తీసుకొని నాడెకేసి బాగా రుద్దింది. పోగు పక్కన పోగు పెడితే తోసుకుంటాండాయి. అదే పోగుకు నాడె చూపిస్తే పరిగెత్తొచ్చి అతుక్కుంటాది. ఓహో, రుద్దినప్పుడు పోగుకు ఒక రకం, నాడెకు ఇంకో రకం పడతాండాది, ఒకే రకమైతే తరుముకుంటాయి, వేరే రకమైతే పిలుచుకుంటాయి అనుకుంది. మా మనవరాలి పుస్తకంలో దీన్నే విద్యుదావేశం, చార్జ్ అని రాసుండారు లెండి. మళ్ళా ఒక దూది పింజ పోగుకు కట్టి, పడుగు చుట్టూ తిప్పింది. ముట్టుకోలేదు, ఊరికే దగ్గరికి తెచ్చింది, అంతే, పింజ అటు తిరిగింది. దగ్గరైతే గట్టిగా లాగుతాది, దూరం పోయేకొద్దీ సన్నగిల్లుతాది. మన ఊరి పొలిమేరకైనా ఒక రాయి ఉండాది, దీనికి యాడా రాయి లేదు, కంటికీ కనపడదు, కానీ దాని సరిహద్దులోకి పోయిన పింజకు తెలుస్తాది. చివరకు, సావుకారి పట్టుకు ఉన్న తడి, మన్ను ఇప్పుడు లేవని గుర్తొచ్చి, చెయ్యి తడుపుకొని, చెక్క తీసి మన్ను మీద కాలు పెట్టి, లేచిన పోగులను నిమిరింది. అన్నీ బుద్ధిగా పడుకున్నాయి! పోగుల్లో చేరిందంతా తడిలోనుంచి, ఆమె ఒంట్లోనుంచి భూమిలోకి జారిపోయె. తిప్పమ్మ నవ్విందంట, అంత దుఃఖంలోనూ.

పొద్దున పారలు పట్టుకొని మనుషులు వచ్చిరి, ముందు పుల్లప్ప, పట్టుపంచె కట్టుకొని. తిప్పమ్మ మళ్ళా చెక్క పరిచి పెట్టింది. "పూడ్చండి మామా, నేను అడ్డం రాను. నీది మగచెయ్యి, నువ్వు కూచొని నాలుగు సార్లు నాడె ఇసురు. పోగులు లేయకపోతే నేనే పార పట్టుకుంటా" అనింది. పదిమందిలో కాదంటే ఏం బాగుంటాది? కూచున్నాడు. ఇసిరినాడు. లేచినాయి పోగులు, నిన్నటికంటే బాగా లేచినాయి! ఆయన మీసం వెంట్రుకలు కూడా పడుగువైపు తిరిగినాయంటారు, అది నేను చూడలేదు. అదిరిపోయి లేస్తా సెమ్మె పట్టుకోబోయినాడు, చురుక్! "అయ్యో నాయనో" అని చెయ్యి ఇదిలించుకుంటాండాడు. "నీ మీద కూడా అమ్మకు కోపమేనా మామా?" అనింది తిప్పమ్మ. పుల్లప్ప వేలు రుద్దుకుంటా, "మరి ఏందిమ్మా ఇది?" అని అడిగినాడు. తిప్పమ్మ అంతా చూపించింది. చెక్క తీయాల, తడి పెట్టాల అనింది. నీళ్ళు ఎంగిలిమ్మా అని ఆయన మళ్ళా మొదలుపెట్టె. "నోటి నీళ్ళు ఎంగిలి. అమ్మకు పోసిన నీళ్ళు కూడా ఎంగిలేనా? గుడిలో చౌడమ్మ చెక్క మీద నిలబడిందా, మన్ను మీద నిలబడిందా?" అనింది. పుల్లప్ప పారలు పక్కన పెట్టించి, తానే పోయి గుడి నుంచి అమ్మకు పోసిన నీళ్ళ కడవ మోసుకొచ్చినాడంట.

జాతర నాడు చౌడమ్మ ఆ చీరే కట్టె. ఓబులేసు విరిగిన చెయ్యి మెడకు వేలాడేసుకొనే ముందు నిలబడి, అది నా పెండ్లాం నేసింది అని అడగనోళ్ళకు కూడా చెప్పినాడు. అప్పటినుంచి అమ్మ చీర నేసేముందు గుడి కడవతో గుంత తడుపుతారు. మీరు ఇప్పుడు పోయి అడగండి, పుల్లప్ప మనవళ్ళే చెప్తారు, ఇది మా తాత పెట్టిన ఆచారం అని. తాత మోసింది కడవే, గుంత తడపమని చెప్పింది ఇంకొకామె. ఆమె పేరు వాళ్ళు ఎత్తరు, అందుకే నేను ఎత్తుతాండా, తిప్పమ్మ అని. ఇంక లేయండి, కాళ్ళు తిమ్మిరెక్కినాయి నాకు.