హారను చింత

ఎగువ కొండగూడ పోయే ఘాటీ రోడ్డు మీద, కల్వర్టు దాటినాక ఎడం పక్కన ఒక చింతచెట్టు ఉంది. దాన్ని మేము హారను చింత అంటాం. అది కాయక కాదు, గంపలకొద్దీ కాస్తది, కాసింది కాసినట్టే రాలి మట్టిలో కలిసిపోతది గాని మా గుమ్మడివలసలో ఒక్క ఇంటి చారులోన ఆ పండు పడదు. మేకల్ని కూడా ఆ నీడకి తోలం. ఎందుకు తోలం అంటే, ఈ ఊళ్ళో పుట్టినోళ్ళకి ఎవరికీ చెప్పక్కర్లేదు. మీకు చెప్పాలి. మీరు పట్నం నుంచి ఈ సన్నచక్రాల సైకిళ్ళేసుకొని వచ్చినారు, బడి వరండాలో పక్కలేసుకున్నారు, రేపు తెల్లారి ఘాటీ అంతా కాలు కింద పెట్టకుండా తొక్కి ఎక్కుతాం అంటన్నారు. ఎందుకు నాయినా అంటే సరదాకి అంటన్నారు. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది, అందుకే ఈ మోకాళ్ళ నొప్పులతోటి మీరున్న ఈ టీకొట్టు దాకా వచ్చినాను. మీ మీద కోపం కాదులే. కూకోండి. టీ తాగుతా వినండి.

ఆ రోడ్డు అంత నిలువుగా ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించినారా? కొండ మీదకి ఏసే రోడ్డు ఎలాగుంటది, మెలికలు తిరుక్కుంటా పోతది, మనిషికి ఆయాసం రాకుండా, బండికి బరువు తెలీకుండా. ఇదీ అలాగే పోవాల. మొదట సర్వే చేసినోళ్ళు అలాగే సున్నం గీతలు గీసినారు, నా కళ్ళతో చూసినాను. ఆ గీతలు పోయి పోయి అప్పటి ప్రెసిడెంటు జీడితోటలోకి పోనాయి. ఆయన నా తోటలో ఒక్క చెట్టు కొట్టినా ఊరుకోను అన్నాడంట. అయితే సరే అనీసి కాంట్రాక్టరు వరహాలు గోడకి నిచ్చెన వేసినట్టు తిన్నగా కొండ మీదకి వేసీసినాడు. ఆ రోడ్డుకి రాళ్ళు మోసింది మేమే. నేను, నా జతగత్తె పారమ్మ, ఇంకా ఈ ఊరి ఆడోళ్ళం. తట్ట నెత్తిన పెట్టుకొని ఎక్కుతుంటే ముందు నడిచేదాని మడమలు నా మొహానికి తగిలేవి, అంత నిలువు.

పారమ్మ మొగుడు గౌరీసు. ఎండుచేపల వ్యాపారం. దిగువ సంతలో కొని, సైకిలు కేరియరుకి రెండు గంపలు కట్టుకొని, ఎగువ సంతలో అమ్మీవోడు. అప్పట్లో రోడ్డు లేదు కదా, బండిదారినే పోయేవోడు, తొక్కగలిగిన కాడికి తొక్కి, లేనికాడ దిగి తోసుకుంటా. పిక్కలు చూస్తే రాతి రుబ్బురోళ్ళలాగ ఉండేవి. మాట మాత్రం మెత్తన. చేపలు మిగిలిపోతే ముసలోళ్ళ ఇళ్ళకి పంచీసి, ఆ సంగతి పారమ్మకి చెప్పకుండా తిరిగీవోడు, అదేమో తెలిసీ తెలీనట్టు ఊరుకునేది. అలాంటి మొగుడూ పెళ్ళాలు.

సరే, రోడ్డయింది. పాసు చెయ్యడానికి పెద్దాఫీసర్లు జీపులో వచ్చినారు. కింద నిలబడి చూసి ఆళ్ళలో పెద్దాయన మొహం చిట్లించినాడు. ఇదేటి, ఇంత నిలువా, దీన్ని ఎవరెక్కుతారు అన్నాడు. అనాలి కదా, కళ్ళున్నోడు ఎవడైనా అంటాడు. అప్పుడు వరహాలు ఏటన్నాడో తెలుసా? దీనికేటి సార్, మా ఊరి సైకిలోడే తొక్కి ఎక్కీస్తాడు, మీరు పైకెళ్ళి నీడపట్టున కూకొని కొబ్బరినీళ్ళు తాగండి, ఆడు మీ ముందుకొచ్చి దిగుతాడు అన్నాడు. ఆళ్ళు నవ్వుకుంటా జీపెక్కి పైకెళ్ళిపోనారు. ఇక్కడ ఈడు మనిషిని పంపి సంతలోంచి గౌరీసుని పిలిపించినాడు.

గౌరీసు అప్పుడే జొరం తగ్గి లేచినాడు. పెదాలింకా తెల్లగా ఉన్నాయి. బాబూ, నడిపించుకొని ఎక్కమంటే ఎక్కుతాను గాని, దీన్ని తొక్కడం మనిషి వల్ల కాదు, ఎద్దు వల్ల కూడా కాదు అన్నాడు. వరహాలు నవ్వినాడు. నవ్వి, అయితే వచ్చేవారం నుంచి ఎగువ సంతలో నీ గంప దించడానికి చోటుండదురా అన్నాడు. ఆ సంత వేలంపాట పాడుకున్నది ఆడే. చోటు తీసీగలడు. అది తెలుసు గౌరీసుకి.

పారమ్మ తట్ట కింద పడేసి వచ్చింది.

"వద్దయ్యా, చోటు పోతే పోనీ, ఇంకో సంత చూసుకుందాం."

"ఇంకో సంత ఎక్కడుందే? సగందాకా పోయి చూస్తాను, కాకపోతే దిగిపోతాను."

"దిగనిస్తారా?"

గౌరీసు తుండు నడుముకి బిగించి సైకిలెక్కీసినాడు.

మీరు సైకిళ్ళు తొక్కీవోళ్ళు కాబట్టి చెప్తున్నాను, నిలువు ఎక్కేటప్పుడు ఏటి చేస్తారు, రోడ్డుకి ఈ అంచు నుంచి ఆ అంచుకి అడ్డంగా మెలికలు తిప్పుకుంటా పోతారు కదేటి, బరువు తగ్గుతాది. గౌరీసు కూడా అలాగే మొదలెట్టినాడు. ఎనకాల వరహాలు జీపు. ఆడు హారను కొట్టడం మొదలెట్టినాడు. మెలికలొద్దు, తిన్నగా తొక్కు, పైనుంచి ఆఫీసర్లు తొంగి చూసినా చూస్తారు, మెలికలు తిరిగితే రోడ్డు నిలువనీసి తెలిసిపోతాది అంటాడు. గౌరీసు పక్కకి తిప్పితే హారను. ఊపిరికి ఆగితే హారను. మేమందరం తట్టలు దించీసి రోడ్డు పక్క నిలబడి చూస్తన్నాం. పెడలు మీద నిలబడి తొక్కుతుంటే ముందు చక్రం నేల మీంచి లేచిపోతంది, హేండిలు మీదకి ఛాతీ ఆనించి దాన్ని కిందికి అదుముతున్నాడు, చైను కిర్రుమంటంది, ఊపిరి కొలిమితిత్తి ఊదినట్టు ఇనబడతంది. అలాగ చింతచెట్టు కాడికి వచ్చినాడు. అక్కడే అన్నిటికన్నా నిలువు. సైకిలు ముందుకీ పోక, ఎనక్కీ రాక, ఒక్క చణం గాల్లో మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. అప్పుడు కాలు కింద పెట్టినాడు.

వరహాలు జీపు దిగినాడు. పాపం పోనీలే, దిగరా అంటాడేమో అనుకున్నాను. ఆడు వచ్చి సీటు ఎనకాల అరిచెయ్యి పెట్టి తోసినాడు. తొక్కు అన్నాడు. తొక్కు, తొక్కు. గౌరీసు మళ్ళీ ఎక్కి నాలుగు తొక్కులు తొక్కినాడో లేదో, సైకిలు ఒక పక్కకి, మనిషి ఒక పక్కకి. ముక్కులోంచి రక్తం. మేము పరిగెత్తి ఎక్కేసరికి వరహాలు మనుషులు చెట్టు కింద పడుకోబెట్టి మొహం మీద ఆడి తుండే కప్పీసినారు. అంతే, అయిపోనాడు.

అక్కడితో అయిపోతే నాకింత మంట ఉండేది కాదు. వరహాలు ఏటి చేసినాడో వినండి. ఆ సైకిలు తీసి జీపులో ఏయించినాడు. పైన కొండ కొసన రోడ్డు చదునుగా అవుతాది కదా, ఆ మలుపు కింద సైకిలు దించి, ఆడి మేస్త్రీని ఎక్కించినాడు. మేస్త్రీ తొక్కుకుంటా ఆఫీసర్ల ముందుకి పోయి దిగినాడు. ఆ మొహం ఎవడిదో ఆళ్ళకేటి తెలుసు? తెలుసుకోవాలని మాత్రం ఉందా? చప్పట్లు కొట్టినారు. ఇక్కడ చెట్టు కింద పారమ్మ మొగుడి తల ఒళ్ళో పెట్టుకొని ఉంది, పైనుంచి ఆ చప్పట్లు ఇనబడినాయి. అది తల ఎత్తి ఎందుకు కొడుతున్నారప్పా అని నన్నడిగింది.

రోడ్డు పాసయిపోయింది. గౌరీసు కొండెక్కీసి, దిగొస్తా తాగి తూలి పడ్డాడని వరహాలు ఊరంతా చెప్పించినాడు. జీవితంలో చుట్ట కూడా ముట్టనోడు.

అప్పటినుంచి మొదలయింది. చింతచెట్టు కాడికి ఎవడైనా సైకిలు తొక్కుకుంటా పోతే ఎనకాల హారను ఇనబడతాది. తిరిగి చూస్తే జీపుండదు. సీటు ఎనకాల ఎవరో చెయ్యేసినట్టుంటాది. ఇంక దిగుదామంటే కాళ్ళు రావు, ఆటంతటవే తొక్కుతుంటాయి, ఊపిరాడక పడిపోయినదాకా ఆపవు. గాజులమ్మే లచ్చయ్య అలాగే పడి మూడు వారాలు మంచం దిగలేదు. కట్టెలోళ్ళు పడినారు, పెరుగోళ్ళు పడినారు. జీపులో పోయీ వరహాలుకి మాత్రం ఏటీ అవలేదు. హాయిగా తిరుగుతున్నాడు. మా జనం గౌరీసుని తిట్టడం మొదలెట్టినారు. బతికినన్నాళ్ళూ మంచోడే గాని చచ్చి మనల్నే పీడిస్తన్నాడు, బూతవైద్యుణ్ణి పిలిచి చెట్టుకి మేకు దిగ్గొట్టించీద్దాం అన్నారు.

పారమ్మ ఆ మాట విని లేచింది. ఎవ్వరూ అక్కర్లేదు, నా మొగుడికి నేను చెప్పుకుంటాను అంది. నేనూ ఎంట పోయినాను. మిట్టమద్దేనం, ఎండ మాడ్చేస్తంది, చెట్టు కింద మాత్రం చలి. అది చెట్టు ముందర నడుం మీద చేతులేసుకొని నిలబడింది. ఏడుస్తాదనుకున్నాను.

"ఏటయ్యా నువ్వు చేస్తన్నది?" అంది. "నీ సీటు మీద చెయ్యేసింది లచ్చయ్యా? హారను కొట్టింది కట్టెలోళ్ళా? ఆళ్ళు నీలాగే దిగువ నుంచి బరువు మోసుకొస్తన్నోళ్ళు. బతికున్నప్పుడు ఆడికి ఎదురు చెప్పలేకపోనావు, చచ్చినాక కూడా ఆడి జోలికి పోలేక అందినోళ్ళ మీద పడతావా? నీకు సిగ్గులేదా? దిగి తోసుకుంటా పోయినోళ్ళని ముట్టుకున్నావంటే నేను నీకు పెళ్ళాన్ని కాను."

గాలి లేదు గాని కొమ్మలన్నీ ఒక్కసారి కదిలి ఆగినాయి. నేను చెప్తున్నాను కదా, నా కళ్ళతో చూసినాను.

తరువాత కొన్నాళ్ళకి సందెవేళ మేము కట్టెలు దింపుకొస్తన్నాం. వరహాలు జీపు చింతచెట్టు కాడ ఆగిపోయింది. డ్రైవరు నీళ్ళకని కల్వర్టు కాడికి దిగినాడు, వరహాలు ఒక్కడే ఉన్నాడు. చెట్టుకి జేర్లబడి ఒక సైకిలుంది. గౌరీసుదే. అది కొండమీద వరహాలు గోడౌనులో పడుండాలి, మరి అక్కడికి ఎలాగ వచ్చింది, ఎవరు తెచ్చినారు, నాకు తెలీదు. తరవాత ఆడే చెప్పినాడు, దాన్ని లోయలోకి తోసీద్దామని హేండిలు పట్టుకున్నాడంట. పట్టుకున్నోడు ఎప్పుడెక్కినాడో ఆడికే తెలీదంట.

మేము చూసీసరికి తొక్కుతున్నాడు. అంత బొజ్జ, హేండిలుకి ఆనుకొని నలిగిపోతంది. పంచె చైనులో పడి పేలికలైపోతంది. ఎనకాల కాళీ జీపు, లోపల పురుగు లేదు, హారను మాత్రం మోగుతానే ఉంది. కొద్దిగా పక్కకి తిప్పుకుందామని చూస్తే చాలు, ఇంకా గట్టిగా మోగుతంది. ఆపండర్రా, దింపండర్రా అని మమ్మల్ని చూసి ఏడుస్తన్నాడు. మాలో ఒక్కళ్ళు కూడా కట్టెల మోపు దించలేదు. ఎందుకు దించాలి? అలాగే తొక్కుకుంటా పోయి, కొండ కొస ఎక్కీసినాడు. ఇన్నేళ్ళలో చింతచెట్టు కాడ్నించి ఆ నిలువుని కాలు కింద పెట్టకుండా తొక్కి ఎక్కిన మనిషి ఆడొక్కడే.

పైన పడిపోనాడు. ఇంటికి మోసుకొచ్చినారు. అయితే సైకిలు మీంచి దింపినా కాళ్ళు ఆగలేదు. మంచం మీద ఎల్లకిలా పడుకొని తొక్కుతానే ఉన్నాడు. తిండి తింటున్నా తొక్కుడే, నిద్రలోనూ తొక్కుడే. నులకతాడు తెగిపోతే మళ్ళీ అల్లించీవోళ్ళు. తాళ్ళతో కట్టినారు, తాళ్ళు తెగినాయి. డాక్టర్లు సూదులిచ్చినారు, ఏటీ లేదు. చివరికి ఆడి పెళ్ళాం మా పేటకి వచ్చి పారమ్మ చేతులు పట్టుకుంది. నువ్వొచ్చి ఒక్క మాట చెప్తే ఆగుతాయేమో తల్లీ అంది. పారమ్మ నాకేసి చూసి, పద అంది.

పోయి మంచం పక్కన నిలబడినాం. ఊరు ఊరంతా వాకిట్లో ఉంది. ఆడు పారమ్మని చూసి "దిగమని చెప్పవే, నన్ను దిగమని చెప్పవే" అన్నాడు.

"ఆ రోజు కొండెక్కింది ఎవరో చెప్పు" అంది పారమ్మ.

"నీ మొగుడు తాగి..." అన్నాడో లేదో కాళ్ళు గిర్రుమన్నాయి, మంచం నేల మీద ఎగిరెగిరి పడింది.

"మళ్ళీ చెప్పు."

అప్పుడు చెప్పినాడు. అందరూ ఇనేలాగ. ఎక్కింది గౌరీసు కాదనీసి, మేస్త్రీ అనీసి, గౌరీసు కాలు కింద పెడితే తానే చెయ్యేసి తోసినాననీసి. చెప్పడం అయిపోగానే కాళ్ళు ఆగిపోనాయి. ఆ ఇంట్లో ఎన్నాళ్ళుగానో ఇనబడతన్న కిర్రుకిర్రు ఆగిపోతే చెవులు దిబ్బడేసినట్టయింది. ఆ తరవాత బతికినాడు గాని ఆ కాళ్ళు పుల్లలైపోనాయి, మళ్ళీ నిలబడలేదు.

మర్నాడు పారమ్మ చెట్టు కాడికి పోయింది. అయిపోయిందయ్యా, ఆడు ఒప్పేసుకున్నాడు, ఇంక నువ్వు పోవచ్చు అని చెప్పడానికి. చాలాసేపు కూకుంది. తిరిగొస్తుంటే కల్వర్టు కాడ నేనెదురెళ్ళి ఏటన్నాడే అని అడిగినాను.

"పోడంట. కొండ మీద కూకొని చప్పట్లు కొట్టినోళ్ళు ఇంకా రాలేదంట. కోపం తీరలేదప్పా ఆయనకి."

కొంత దూరం నడిచినాక, "నాకూ తీరలేదు. ఎందుకు తీరాలి?" అంది.

పారమ్మ పోయి చాన్నాళ్ళయింది. ఆ ఆఫీసర్లు ఎక్కడున్నారో, ఉన్నారో లేదో కూడా తెలీదు. రోడ్డు మాత్రం అలాగే ఉంది.

అందుచేత బాబూ, కొండగూడ చూడాలనుంటే తొమ్మిది గంటలకి బస్సుంది, తూరుపు పక్కనుంచి చుట్టు తిరిగి పోతాది, ఎక్కండి. లేదూ తొక్కే తీరతాం అంటే కల్వర్టు దాకా తొక్కండి, అక్కడ దిగి, సైకిలు తోసుకుంటా, తల దించుకొని చెట్టు దాటీయండి. ఎనకాల హారను ఇనబడితే దారి ఇవ్వక్కర్లేదు. ఇవేవీ కాదంటారా, మీ ఇష్టం. మీ ఇళ్ళ ఫోను నంబర్లు మాత్రం ఈ టీకొట్టు గోడ మీద రాసి పోండి, మోసుకొచ్చినాక ఎవరికి చెప్పాలో మాకు తెలియొద్దూ.